అమెరికా పికప్ ట్రక్కుల్లో మాన్యువల్ గేరు, క్లచ్ రీకాల్‌లు: యజమానుల అభిప్రాయాలు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికాలో పికప్ ట్రక్కు మొదట పొలం బండి, తర్వాత కుటుంబ వాహనం. ఈ మార్పు జరిగిన నూరేళ్లలో మాన్యువల్ గేరు సర్వసాధారణ స్థితి నుంచి అరుదైన ఎంపిక స్థాయికి చేరింది. 2020, 2021, 2023 సంవత్సరాల్లో జీప్ రాంగ్లర్, జీప్ గ్లేడియేటర్ వాహనాలకు వరుసగా ప్రకటించిన క్లచ్ రీకాల్‌లు ఈ చరిత్రలోని ఒక పాత ప్రశ్నను తిరిగి ముందుకు తెచ్చాయి: క్లచ్ పాడైతే అది నడిపినవారి తప్పా, తయారుచేసినవారి లోపమా? ఈ ప్రశ్న చుట్టూ యజమానుల అభిప్రాయాలు ఎలా రూపొందాయో, 1966 భద్రతా చట్టం, 1975 నాటి న్యాయస్థాన తీర్పు వాటికి ఎలాంటి నేపథ్యాన్ని కల్పించాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. అరుగుదలకు, పగులుకు మధ్య భేదాన్ని గుర్తిస్తేనే యజమానుల వాదాలను సరిగా అంచనా వేయగలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పికప్ ట్రక్కు, మాన్యువల్ గేరు, క్లచ్, ప్రెషర్ ప్లేటు, రీకాల్, వినియోగదారుల హక్కులు, వాహన భద్రతా చట్టం, జీప్ గ్లేడియేటర్.

1. ప్రవేశిక

యంత్రాల చరిత్రను సాధారణంగా వాటిని కనిపెట్టినవారి వైపు నుంచి రాస్తారు. వాటిని కొని, వాడి, మరమ్మతు చేయించుకున్నవారి వైపు నుంచి రాసిన చరిత్ర తక్కువ. యంత్రం గురించిన వివాదాలు పుట్టేది మాత్రం వాడుకలోనే. పికప్ ట్రక్కు క్లచ్ ఇందుకు మంచి ఉదాహరణ. వాహనంలో నడిపేవారి శరీర నైపుణ్యం మీద ఇంతగా ఆధారపడే భాగం మరొకటి లేదు. ఎడమ కాలు ఎంత నెమ్మదిగా లేస్తుంది, ఎంతసేపు సగంలో ఆగుతుంది అన్న దాని మీద దాని ఆయుష్షు ఆధారపడుతుంది. అందువల్లనే క్లచ్ పాడైన ప్రతిసారీ అనుమానం మొదట డ్రైవరు మీదికి పోతుంది.

భద్రతా లోపం ఉన్న వాహనాలను తయారీదారు వెనక్కి పిలిచి, తన ఖర్చుతో సరిచేయడాన్ని రీకాల్ అంటారు. బ్రేకులు, స్టీరింగు, గాలిసంచుల రీకాల్‌లలో డ్రైవరు నైపుణ్యం అంతగా చర్చకు రాదు. క్లచ్ రీకాల్‌లో అది తప్పక వస్తుంది. ఈ కారణంగా క్లచ్ రీకాల్ సాంకేతిక వార్తగా మిగిలిపోక, బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న సామాజిక చర్చగా మారుతుంది.

2. క్లచ్ నిర్మాణం – రెండు రకాల వైఫల్యాలు

వివాదాన్ని అర్థం చేసుకోవడానికి క్లచ్ పనితీరును క్లుప్తంగా తెలుసుకోవడం అవసరం. ఇంజనుతో పాటు తిరిగే ఫ్లైవీలుకు, స్ప్రింగు బలంతో నొక్కే ప్రెషర్ ప్లేటుకు నడుమ క్లచ్ ప్లేటు ఇమిడి ఉంటుంది. క్లచ్ ప్లేటుకు రెండు వైపులా ఘర్షణ పదార్థం అతికించి ఉంటుంది. పెడల్ తొక్కినప్పుడు రిలీజ్ బేరింగు స్ప్రింగును నెట్టడంతో పట్టు విడిపోతుంది. పెడల్ వదిలినప్పుడు మళ్లీ బిగుసుకుంటుంది. ఈ రెండు స్థితుల నడుమ, మన డ్రైవర్లు ‘హాఫ్ క్లచ్’ అని పిలిచే దశలో, క్లచ్ ప్లేటు కొంత జారుతూ కొంత పట్టుకుంటూ ఉంటుంది. ఆ జారుడు వల్ల వేడి పుడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు, రాళ్ల దారిలో అంగుళం అంగుళం కదిలేటప్పుడు ఈ దశ ఎక్కువసేపు సాగుతుంది.

వేడి వల్ల రెండు రకాల నష్టాలు కలుగుతాయి. మొదటిది ఘర్షణ పదార్థం అరిగిపోవడం. ఇది క్రమంగా జరుగుతుంది. కాలిన వాసన వస్తుంది, ఇంజను వేగం పెరిగినా బండి వేగం పెరగదు, చివరికి క్లచ్ ప్లేటు మార్చవలసి వస్తుంది. రెండవది ప్రెషర్ ప్లేటు లోహం అతిగా వేడెక్కి పగలడం. నిమిషానికి వేల చుట్లు తిరిగే భారీ లోహపు చక్రం పగిలితే ముక్కలు అపారమైన వేగంతో బయటికి దూసుకువస్తాయి. గేరుబాక్సు తొడుగును చీల్చుకుని వచ్చిన ఎర్రటి ముక్కలు వాహనం కింద ఉన్న మండే పదార్థాలకు తగిలితే నిప్పు అంటుకుంటుంది. ఈ ప్రమాదం మోటారు లోకానికి కొత్తది కాదు. అమెరికాలో డ్రాగ్ రేసింగు పోటీల్లో క్లచ్‌లు పేలి డ్రైవర్లు గాయపడిన అనుభవాల తర్వాతనే క్లచ్ చుట్టూ ఉక్కు కవచాలు అమర్చే నియమం వచ్చింది.

మొదటి నష్టం జేబుకు సంబంధించినది, రెండవది ప్రాణానికి సంబంధించినది. రెండింటికీ మూలం వేడే అయినా, బాధ్యత నిర్ణయించే దగ్గర వాటిని ఒకే గాటన కట్టడానికి వీలులేదు. తరువాతి చర్చ అంతటికీ ఈ భేదమే ఆధారం.

3. మాన్యువల్ గేరు: పొలం బండి నుంచి అరుదైన ఎంపిక వరకు

పికప్ చరిత్ర మూడు పెడళ్లతోనే మొదలైనా, ఆ పెడళ్ల పని నేటి పని కాదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో ఎడమ పెడల్‌ను పూర్తిగా తొక్కితే లో గేరు, సగంలో ఉంచితే న్యూట్రల్, పూర్తిగా వదిలితే హై గేరు. మధ్య పెడల్ రివర్సుకు, కుడి పెడల్ బ్రేకుకు. ఇంజను వేగాన్ని స్టీరింగు కింద ఉన్న చేతిమీటతో పెంచేవారు. 1925లో ఫోర్డ్ సంస్థ ఇదే వాహనానికి ఫ్యాక్టరీలోనే తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మింది. అంతకుముందు రైతులు కారు వెనుక భాగం తీసేసి సొంతంగా చెక్కపెట్టె బిగించుకునేవారు. ఆ అవసరాన్ని సంస్థ గుర్తించిన ఘట్టం అది.

1927 చివర విడుదలైన మోడల్ ఏతో పళ్ల చక్రాలు జరిగే గేరుబాక్సు, నేటి తరహా క్లచ్ పెడల్ ఫోర్డ్ కొనుగోలుదారులకు పరిచయమయ్యాయి. గేర్ల వేగాలను తనంతట తానే కలిపే సింక్రోమెష్ ఏర్పాటును కాడిలాక్ 1929 మోడళ్లలో ప్రవేశపెట్టింది. ట్రక్కులకు అది ఆలస్యంగా చేరింది. ఈలోగా ట్రక్కు నడిపేవారు గేరు మార్చేటప్పుడు క్లచ్‌ను రెండుసార్లు తొక్కే పద్ధతిని నేర్చుకోవలసి వచ్చింది. బండి నడపడం అన్నది చేతికీ కాలికీ చెవికీ సంబంధించిన విద్యగా స్థిరపడింది ఈ కాలంలోనే.

ఆటోమేటిక్ గేరు కార్లలో జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్ రూపంలో 1940 మోడళ్లతో వచ్చింది. పికప్‌లలో ఫోర్డ్ 1953లోను, షెవర్లే 1954లోను దాన్ని ఐచ్ఛికంగా అందించాయి. అయినా చాలాకాలం వరకు మాన్యువలే ప్రామాణికం. స్టీరింగు స్తంభానికి గేర్ రాడ్ అమర్చిన మూడు గేర్ల పికప్‌లు 1980ల దాకా అమ్ముడయ్యాయి. అదే కాలంలో జపాన్ నుంచి వచ్చిన చిన్న పికప్‌లు తక్కువ ధరతో, తక్కువ ఇంధన ఖర్చుతో మాన్యువల్ గేరుకు మరో తరం యజమానులను సంపాదించాయి. 1980 ప్రాంతంలో అమెరికాలో అమ్ముడైన కొత్త తేలికరకం వాహనాల్లో దాదాపు మూడింట ఒక వంతు మాన్యువల్‌వే. 2020ల నాటికి ఆ వాటా సుమారు 1 శాతానికి పడిపోయింది.

పతనం క్రమంగా జరిగింది. ఫోర్డ్ ఎఫ్-150లో మాన్యువల్ 2008 మోడల్‌తో ముగిసింది. ఫోర్డ్ సూపర్ డ్యూటీలో 2010తోను, షెవర్లే కొలరాడోలో 2018తోను ఆగిపోయింది. భారీ పికప్‌లలో చివరిదాకా నిలిచిన రామ్ వారి కమిన్స్ డీజిల్ ట్రక్కు కూడా 2018 మోడల్ తర్వాత దానికి సెలవు చెప్పింది. ఈ చివరి ఉదాహరణలో ఒక అంశం ముఖ్యమైనది. 2018లో అదే ఇంజనుకు ఆటోమేటిక్ జతచేసినప్పుడు గరిష్ఠ టార్కు 930 పౌండు-అడుగులు ఉండగా, మాన్యువల్ కొన్నవారికి 660 మాత్రమే ఇచ్చారు. ఇంజనుల బలం పెరుగుతున్న కొద్దీ మాన్యువల్ గేరు, క్లచ్ ఆ బలాన్ని మోసే స్థాయికి పెరగలేదు. తయారీదారులు క్లచ్‌ను బలపరచడానికి బదులు ఇంజను బలాన్ని తగ్గించి సర్దుకున్నారు. తరువాతి రీకాల్ వివాదంలో ఇదే ధోరణి మరో రూపంలో కనిపిస్తుంది.

4. యజమానుల అభిప్రాయాలు: నాలుగు ధోరణులు

మాన్యువల్ పికప్‌ను కోరుకునేవారి వాదాలను స్థూలంగా నాలుగు ధోరణులుగా వర్గీకరించవచ్చు.

మొదటిది అదుపు. నిటారు దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టకుండా లో గేరులో దిగడం, బురదలో చక్రాలకు ఎంత బలం అందాలో కాలితో నిర్ణయించడం ఈ వాదానికి ఆధారాలు. టయోటా టకోమా మాన్యువల్ వాహనాల్లో క్లచ్ తొక్కకుండానే ఇంజనును స్టార్ట్ చేసే బటన్ ఒకటి ఉండేది. ఏటవాలు రాతిబండ మీద ఇంజను ఆగిపోయినప్పుడు, క్లచ్ తొక్కితే బండి వెనక్కి జారే ప్రమాదం ఉంటుంది. ఆ బటన్ నొక్కి గేరులోనే స్టార్ట్ చేస్తే బండి ముందుకు కదులుతుంది. ఇలాంటి చిన్న ఏర్పాటును కూడా యజమానులు ప్రీతితో ప్రస్తావించడం అదుపు పట్ల వారికి ఉన్న విలువను తెలుపుతుంది.

రెండవది మన్నిక. మాన్యువల్ గేరుబాక్సు సరళమైనదని, దాన్ని ఊళ్లోని సాధారణ మెకానిక్ కూడా విప్పి బిగించగలడని, క్లచ్ ప్లేటు మార్చే ఖర్చు ఆటోమేటిక్ మరమ్మతు కంటే చాలా తక్కువని ఈ వాదం.

మూడవది ఖర్చు. ఒకప్పుడు మాన్యువల్ వాహనం ధరలోను, మైలేజిలోను చవక. ఎనిమిది, పది గేర్ల ఆటోమేటిక్‌లు వచ్చాక మైలేజి ఆధిక్యం చాలావరకు పోయింది. ధర విషయంలో మాత్రం కొంత తేడా కొనసాగింది.

నాలుగవది నైపుణ్య గౌరవం. తండ్రి పొలంలో పాత ట్రక్కు మీద నేర్చుకున్న విద్య అన్న భావన, అది రానివారి నుంచి తమను వేరుచేసే గుర్తింపు ఇందులో ఉన్నాయి. ఇది ఆర్థిక వాదం కాదు, అస్తిత్వ వాదం. రీకాల్ చర్చలో అత్యంత తీవ్రంగా స్పందించింది ఈ ధోరణి వారే. క్లచ్ కాలిపోయిందంటే వారి దృష్టిలో అది బండికి జరిగిన నష్టంతో ముగియదు, వారి గౌరవం మీద కూడా మచ్చ పడుతుంది.

వ్యతిరేక వాదమూ బలమైనదే. నగరాల ట్రాఫిక్‌లో ఎడమ మోకాలి శ్రమ, కుటుంబంలో అందరూ నడపలేకపోవడం, బరువు లాగే సామర్థ్యం తగ్గడం దానిలోని ప్రధానాంశాలు. 2020 గ్లేడియేటర్‌లో ఆటోమేటిక్‌తో గరిష్ఠంగా 7,650 పౌండ్లు, అంటే సుమారు 3,470 కిలోలు, లాగవచ్చని సంస్థ ప్రకటించింది. మాన్యువల్‌తో ఆ పరిమితి 4,500 పౌండ్లు, సుమారు 2,040 కిలోలు మించలేదు. ట్రక్కు బలానికి మాన్యువల్ గేరు గుర్తు అన్న పాత నమ్మకం ఈ అంకెల ముందు నిలవలేదు.

5. చట్ట నేపథ్యం: డ్రైవరు తప్పు నుంచి తయారీ లోపం వరకు

20వ శతాబ్ది మధ్యభాగం వరకు అమెరికాలో రోడ్డు ప్రమాదాలకు డ్రైవరే కారణమన్న భావన బలంగా ఉండేది. 1965లో రాల్ఫ్ నాడర్ రాసిన ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’ ఈ భావనను ప్రశ్నించి, వాహన రూపకల్పనలోని లోపాల వైపు దృష్టి మళ్లించింది. 1966 సెప్టెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో జాతీయ ట్రాఫిక్, మోటారు వాహన భద్రతా చట్టం వచ్చింది. భద్రతా లోపం కనిపిస్తే తయారీదారు యజమానులకు తెలియజేయాలని ఆ చట్టం నిర్దేశించింది. ఉచితంగా సరిచేయాలన్న బాధ్యత 1974 సవరణతో చేరింది. 1970లో ఏర్పడిన జాతీయ రహదారి ట్రాఫిక్ భద్రతా సంస్థ ఈ చట్టాన్ని అమలు చేస్తుంది.

లోపం అంటే ఏమిటన్న ప్రశ్నకు సమాధానం చెప్పిన తొలి ప్రధాన తీర్పు కూడా పికప్ ట్రక్కులకు సంబంధించినదే కావడం విశేషం. జనరల్ మోటార్స్ 1960–65 మధ్య తయారుచేసిన ముప్పావు టన్ను పికప్‌ల చక్రాలు నడుస్తుండగా విరిగిపోయేవి. యజమానులు పరిమితికి మించి బరువు వేయడమే, ముఖ్యంగా ట్రక్కు మీద నివాసపు గదుల వంటి క్యాంపర్లు బిగించడమే కారణమని సంస్థ వాదించింది. 1975లో కొలంబియా జిల్లా అప్పీళ్ల న్యాయస్థానం ఈ వ్యాజ్యంలో రెండు సూత్రాలను స్థిరపరచింది. ఒకటి, యజమానులు సాధారణంగా చేసే దుర్వినియోగం ముందుగా ఊహించదగినదైతే, దానివల్ల చెప్పుకోదగిన సంఖ్యలో జరిగే వైఫల్యాలు కూడా లోపం కిందికే వస్తాయి. రెండు, కాలం గడిచి సహజంగా అరిగిపోవడం వల్ల జరిగే వైఫల్యం లోపం కాదు.

క్లచ్ ఈ రెండు సూత్రాల కూడలిలో నిలుస్తుంది. అది అరగడానికే తయారైన భాగం. అందువల్లనే సాధారణంగా వారంటీలో క్లచ్ ప్లేటుకు ఇతర భాగాల కంటే తక్కువ రక్షణ ఉంటుంది. అలాగే హాఫ్ క్లచ్ వాడకం ప్రతి డ్రైవరూ ఏదో ఒక స్థాయిలో చేసేదే, ముందుగా ఊహించదగినదే. మొదటి సూత్రం ప్రకారం యజమానికి రక్షణ ఉంది, రెండవ సూత్రం ప్రకారం లేదు. ఏ సూత్రం వర్తిస్తుందన్నది క్లచ్‌లో ఏది పాడైందన్న దాని మీద ఆధారపడుతుంది.

6. గ్లేడియేటర్ క్లచ్ రీకాల్‌లు: 2020–2023

జీప్ గ్లేడియేటర్‌ను 2018 నవంబరులో లాస్ ఏంజిలస్ ప్రదర్శనలో ఆవిష్కరించి, 2020 మోడల్‌గా ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో తయారుచేశారు. 285 హార్స్‌పవర్ గల 3.6 లీటర్ల వి6 ఇంజనుకు ఆరు గేర్ల మాన్యువల్ ప్రామాణికంగా వచ్చేది. ఆటోమేటిక్‌కు అదనంగా చెల్లించాలి. మాన్యువల్ పికప్‌లు కనుమరుగవుతున్న రోజుల్లో ఇది అభిమానులకు గొప్ప ఊరట.

ఆ ఊరట ఎక్కువకాలం నిలవలేదు. 2020 తొలి నెలల్లోనే మాన్యువల్ గేరు ఉన్న 2018–2020 రాంగ్లర్, 2020 గ్లేడియేటర్ వాహనాలకు, దాదాపు 33 వేల సంఖ్యలో, రీకాల్ ప్రకటించారు. ఘర్షణ వల్ల ప్రెషర్ ప్లేటు అతిగా వేడెక్కి పగిలి, గేరుబాక్సు తొడుగును చీల్చి, వేడి ముక్కలు బయటికి వచ్చి నిప్పు అంటుకునే అవకాశం ఉందన్నది ప్రకటన సారాంశం. 2021 మొదట్లో రెండవ రీకాల్ వచ్చింది. దాని పరిధిలోకి దాదాపు 43 వేల వాహనాలు వచ్చాయి. క్లచ్ వేడి ప్రమాదకర స్థాయికి చేరినప్పుడు ఇంజను టార్కును కంప్యూటరు తగ్గించేలా సాఫ్ట్‌వేర్ మార్చడం ఈసారి సూచించిన పరిహారంలో కీలకాంశం. 2023లో మూడవ రీకాల్ వచ్చింది. 2018–2023 రాంగ్లర్, 2020–2023 గ్లేడియేటర్ వాహనాలు కలిపి 69 వేలకు పైగా దీని పరిధిలో ఉన్నాయి. వాటిలో గ్లేడియేటర్‌లు సుమారు 14 వేలు. అంతకుముందు సరిచేసిన వాహనాలు కూడా ఇందులో చేరడంతో, తొలి పరిహారాలు చాలలేదని తయారీదారే అంగీకరించినట్లయింది.

మూడు ప్రకటనల్లోనూ లోపం చెప్పిన చోటు ప్రెషర్ ప్లేటు. అరిగే భాగమైన క్లచ్ ప్లేటు కాదు. 1975 తీర్పు చూపిన గీతను ఈ ప్రకటనలు అనుసరించాయి.

7. పరిహారంపై యజమానుల వాదాలు

అమెరికా భద్రతా సంస్థకు ఏ యజమాని అయినా తన వాహనం గురించి ఫిర్యాదు రాయవచ్చు. పేరు తొలగించి వాటిని ప్రజలకు అందుబాటులో ఉంచుతారు. మాన్యువల్ వాహనాల ఫిర్యాదులకు ఒక విశిష్ట కథన క్రమం ఉంటుంది. ఇతర ఫిర్యాదులు సంఘటనతో మొదలవుతాయి. క్లచ్ ఫిర్యాదు తరచూ ఫిర్యాదుదారు అనుభవంతో మొదలవుతుంది. ఎన్నేళ్లుగా మాన్యువల్ నడుపుతున్నదీ, అంతకుముందు వాహనాల్లో క్లచ్ ఎన్ని వేల మైళ్లు వచ్చిందీ చెప్పాకనే కాలిన వాసన గురించి, నేలకు అంటుకుపోయిన పెడల్ గురించి చెబుతారు. ఎవరూ అడగకముందే తన నైపుణ్యాన్ని నిరూపించుకోవలసిన స్థితి ఇది. డ్రైవరే దోషి అన్న పాత భావన క్లచ్ విషయంలో ఇంకా సజీవంగా ఉందనడానికి ఈ కథన క్రమమే సాక్ష్యం.

రీకాల్ ఈ స్థితిని మార్చింది. చట్టరీత్యా లోపం వాహనానిదని ప్రకటించగానే సర్వీసు కౌంటరు ముందు యజమాని స్థానం మారుతుంది. 2000 సంవత్సరపు ట్రెడ్ చట్టం ప్రకారం, రీకాల్‌కు ముందే సొంత ఖర్చుతో ఆ లోపాన్ని సరిచేయించుకున్నవారికి డబ్బు తిరిగి చెల్లించే ఏర్పాటు తయారీదారు చేయాలి. అంటే రీకాల్ గతానికి కూడా వర్తించే తీర్పు.

అయితే పరిహారం స్వభావం కొత్త విభేదాలకు దారితీసింది. ఇక్కడ మూడు వాదాలు కనిపిస్తాయి. నిప్పు ప్రమాదం ఉన్నచోట కొంత బలం తగ్గినా నష్టం లేదని, క్లచ్ వేడెక్కిందని హెచ్చరించే ఏర్పాటు మేలే చేస్తుందని మొదటి వాదం. రెండవ వాదం దీనికి పూర్తి విరుద్ధం. ఎత్తు మీద, ఇసుకలో, రద్దీ రహదారిలో చేరేటప్పుడు బలం అత్యవసరమయ్యే క్షణంలోనే దాన్ని కంప్యూటరు తగ్గిస్తే, అదుపు కోసం మాన్యువల్ కొన్నవారికి మిగిలేదేమిటన్నది వారి ప్రశ్న. క్లచ్‌ను బలపరచవలసిన చోట ఇంజనును బలహీనపరిచారన్నది వారి అభియోగం. 2018 రామ్ ట్రక్కులో టార్కు తగ్గించి అమ్మడానికి, 2021లో సాఫ్ట్‌వేరుతో టార్కు తగ్గించడానికి మధ్య ఉన్న పోలిక ఈ అభియోగానికి చారిత్రక బలం ఇస్తుంది. మొదటి సందర్భంలో మాత్రం కొనేవారికి ఆ సంగతి ముందే తెలుసు; రెండవ సందర్భంలో కొన్న తర్వాత తెలిసింది. ఈ తేడా చిన్నది కాదు. మూడవ వాదం వారు రెండింటికీ అతీతంగా, ఇతర సంస్థలు తయారుచేసిన దృఢమైన క్లచ్‌ను సొంత ఖర్చుతో బిగించుకుని సమస్యను దాటవేశారు. ఇది అదుపును తిరిగి సంపాదించే మార్గమే అయినా, తయారీదారు భరించవలసిన ఖర్చును యజమాని నెత్తిన వేసుకోవడం కూడా.

నాలుగో స్వరం ఒకటి యజమానుల్లోనే వినిపిస్తుంది. మాన్యువల్ సరిగా రానివారు నడపడం వల్లనే క్లచ్‌లు కాలిపోతున్నాయని అది అంటుంది. నైపుణ్య గౌరవాన్ని కాపాడుకోవడానికి తోటి యజమానినే తప్పుపట్టే ఈ వైఖరి, 1966కు ముందరి తయారీదారుల వాదాన్ని వారికి తెలియకుండానే పునరావృతం చేస్తుంది. అనుభవం లేనివారు హాఫ్ క్లచ్‌లో ఎక్కువసేపు నడుపుతారన్నది నిజం. వారి క్లచ్ ప్లేటు త్వరగా అరుగుతుందన్నదీ నిజం. కాని అరిగిన క్లచ్ బండిని ఆపాలే తప్ప లోహపు ముక్కలై బయటికి దూకకూడదు. నేర్చుకుంటున్న డ్రైవరు ఉంటాడని తయారీదారుకు ముందే తెలుసు.

8. భారతదేశం – తెలుగు ప్రాంతాల సందర్భం

అమెరికాలో మాన్యువల్ పికప్ అభిరుచి వస్తువుగా మారితే, భారతదేశంలో అది నేటికీ జీవనోపాధి సాధనం. కూరగాయలు, పాలు, సిమెంటు, గొర్రెలు మోసే చిన్న వాణిజ్య వాహనాల్లో మాన్యువల్ గేరే సాధారణం. తెలుగు నేలకు పికప్ తయారీతో ప్రత్యక్ష సంబంధమూ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఇసుజు సంస్థ కర్మాగారం 2016లో ప్రారంభమై డి-మ్యాక్స్ పికప్‌లను తయారుచేస్తోంది.

రెండు దేశాల మధ్య ప్రధానమైన తేడా యాజమాన్యంలో ఉంది. అమెరికాలో రీకాల్ గురించి మాట్లాడిన యజమాని సాధారణంగా తన బండిని తానే నడుపుకునే వ్యక్తి. ఇక్కడ సరుకు బండికి ఓనరు ఒకరు, జీతానికి నడిపే డ్రైవరు మరొకరు కావడం మామూలు. క్లచ్ ప్లేట్లు త్వరగా పోతే ఓనరు అనుమానం డ్రైవరు మీదికే పోతుంది: క్లచ్ మీద కాలు పెట్టి నడిపాడని, లోడుతో ఎత్తు ఎక్కించడం రాదని. బాధ్యత ప్రశ్న ఇక్కడ గౌరవంతో పాటు కూలిని, కొలువును కూడా తాకుతుంది. బండి కొన్న కాగితాలు తన పేర లేని డ్రైవరుకు తయారీదారును ప్రశ్నించే అవకాశం తక్కువ.

మోటారు వాహనాల సవరణ చట్టం 2019 ద్వారా చేరిన 110-ఎ సెక్షను, లోపం ఉన్న వాహనాల రీకాల్‌కు ఆదేశించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. దాని అమలు నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి వర్తించాయి. అంతకుముందు తయారీదారులు స్వచ్ఛందంగా పాటించే నియమావళి మాత్రమే ఉండేది. వాహన యజమానుల ఫిర్యాదుల సంఖ్యను ప్రాతిపదికగా తీసుకునే ఈ విధానంలో, బండిని రోజూ నడిపే డ్రైవరు అనుభవం నమోదయ్యే మార్గం ఏమిటన్నది ఆలోచించదగిన విషయం. లోపాన్ని మొదట పసిగట్టేది అతని కాలే.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. మాన్యువల్ పికప్ పతనానికి ఆటోమేటిక్‌ల పురోగతి ఎంత కారణమో, పెరిగిన ఇంజను బలానికి తగినట్లు క్లచ్‌ను, మాన్యువల్ గేరుబాక్సును అభివృద్ధి చేయకపోవడం కూడా అంత కారణం. గ్లేడియేటర్ 2025 మోడల్‌తో మాన్యువల్‌ను వదులుకుంది. ఆ తర్వాత అమెరికాలో మాన్యువల్‌తో దొరికే కొత్త పికప్ టయోటా టకోమా ఒక్కటే. అందులోనూ 2024 మోడల్‌లో ఆటోమేటిక్‌కు 278, మాన్యువల్‌కు 270 హార్స్‌పవర్ కేటాయించడం పాత ధోరణికి కొనసాగింపే.

2. 1966 చట్టం బాధ్యతను డ్రైవరు నుంచి తయారీ వైపు మళ్లించినా, క్లచ్ విషయంలో పాత భావన చాలాకాలం నిలిచింది. యజమానుల ఫిర్యాదుల కథన క్రమం దీనికి నిదర్శనం.

3. అరుగుదల వాడుక ఫలితం, పగులు రూపకల్పన ఫలితం. 1975 తీర్పు, 2020–2023 రీకాల్‌లు ఈ భేదాన్ని స్పష్టం చేశాయి. అదుపు తమకు కావాలని, బాధ్యత తయారీదారు వహించాలని యజమానులు కోరడం పైకి పరస్పర విరుద్ధంగా కనిపిస్తుంది. ఈ భేదాన్ని గుర్తిస్తే అందులో వైరుధ్యం లేదు.

4. లోపాన్ని సరిచేయడానికి వాహన స్వభావాన్నే మార్చే పరిహారం ఎంతవరకు పరిహారం అవుతుందన్నది 2021 రీకాల్ లేవనెత్తిన కొత్త ప్రశ్న. సాఫ్ట్‌వేరు మార్పుతో ముగిసే రీకాల్‌లు పెరుగుతున్న కాలంలో ఇది క్లచ్‌కు మాత్రమే పరిమితమయ్యేది కాదు.

5. భారతీయ సందర్భంలో ఓనరుకు, డ్రైవరుకు మధ్య ఉన్న దూరాన్ని లెక్కలోకి తీసుకోని రీకాల్ విధానం అసంపూర్ణం. క్లచ్ పాడైనప్పుడు జీతగాడిని నిందించే ముందు, పాడైనది అరిగే భాగమా పగిలిన భాగమా అని అడగడం అలవాటైతే, ఒక సాంకేతిక భేదం సామాజిక న్యాయానికి తోడ్పడుతుంది.